తగువు తీర్చేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

2011 ఫిబ్రవరిలో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టర్ ఆర్. వినీల్ కృష్ణను, ఆయనతో పాటు ఒక జూనియర్ ఇంజినీరును మావోయిస్టులు అడవిలోకి తీసుకుపోయారు. మాట్లాడాలంటే ఫలానావాళ్లు రావాలంటూ వాళ్లు పంపిన పేర్లలో ప్రొఫెసర్ జి. హరగోపాల్, ఆర్. సోమేశ్వరరావు, దండపాణి మొహంతి ఉన్నారు. హరగోపాల్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెప్పిన పంతులు. మధ్యవర్తిత్వంలో శిక్షణ తీసుకున్నారా, సర్టిఫికెట్ ఉందా అని ఆయన్ను అటు ప్రభుత్వమూ అడగలేదు, ఇటు మావోయిస్టులూ అడగలేదు. వారం పైచిలుకు ఉత్కంఠ తర్వాత ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు.

ఏడాది దాటాక, 2012 ఏప్రిల్‌లో, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్ వంతు వచ్చింది. మావోయిస్టుల తరఫున హరగోపాల్, బి.డి. శర్మ. ప్రభుత్వం తరఫున నిర్మలా బుచ్, ఎస్.కె. మిశ్రా. ఈ నలుగురిలో ముగ్గురు విశ్రాంత ఐఏఎస్ అధికారులే. ప్రభుత్వం తన మాజీ అధికారులను నమ్ముకోవడంలో వింత లేదు. తుపాకీ పట్టినవాళ్లు కూడా ఒక మాజీ ఐఏఎస్‌నే కోరుకోవడం మాత్రం ఆలోచించాల్సిన సంగతి. శర్మ ఒకప్పుడు బస్తర్ కలెక్టర్. ఆ తర్వాత ఎస్సీ, ఎస్టీ కమిషనర్‌గా ఆదివాసుల పక్షాన రాసిన నివేదికలు ఆయనకు పేరు తెచ్చాయి. సుప్రీంకోర్టు న్యాయవాది ప్రశాంత్ భూషణ్‌ను కూడా రమ్మని అడిగారు గానీ ఆయన ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఏదైనా జిల్లా కోర్టు ఆవరణలో మీడియేషన్ సెంటర్ బోర్డు ఉన్న గదిలోకి వెళ్తే బల్లకు అవతల కూర్చున్న మనిషి దాదాపు ఖాయంగా న్యాయవాదో, రిటైరైన జడ్జో అయి ఉంటారు. అడవిలో ప్రొఫెసర్లు పనికొచ్చిన దేశంలో అన్నదమ్ముల పొలం తగాదాకు లాయరే ఎందుకు కావాల్సి వచ్చింది? దానికి కారణం ఆ వృత్తిలో ఉన్న ప్రత్యేక ప్రతిభ కాదు. మన దేశంలో మధ్యవర్తిత్వం కోర్టు గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. కాబట్టి ఆ గుమ్మం దగ్గర ఉన్నవాళ్లే ముందు కుర్చీల్లో కూర్చున్నారు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 89వ సెక్షన్ 2002 జూలై 1న అమల్లోకి వచ్చింది. దాఖలైన కేసుల్లో రాజీకి వీలున్నవాటిని కోర్టే బయటి మార్గాలకు పంపవచ్చని అది చెప్పింది. ఆ మార్గాలు ఆర్బిట్రేషన్, కన్సీలియేషన్, లోక్ అదాలత్, మీడియేషన్. పత్రికల్లో ఆర్బిట్రేషన్‌నూ మీడియేషన్‌నూ ఒకే మాటతో రాసేస్తుంటారు గానీ, ఆర్బిట్రేటర్ తీర్పు ఇస్తారు, మీడియేటర్ ఇవ్వరు. కొత్త సెక్షన్ చెల్లదంటూ సేలం న్యాయవాదుల సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. కోర్టు సెక్షన్‌ను నిలబెట్టి, దాన్ని నడిపే నియమాలు తయారుచేయమని ఒక కమిటీకి అప్పగించింది. దాని అధ్యక్షుడు జస్టిస్ ఎం. జగన్నాథరావు, మన తెలుగువారే. ఆ కమిటీ 2003లో ఇచ్చిన నమూనా నియమాల్లో మధ్యవర్తి ఎవరు కావచ్చో రాశారు. రిటైరైన జడ్జీలు ముందు. పదిహేనేళ్ల అనుభవమున్న న్యాయవాదులు తర్వాత. అంతే అనుభవమున్న ఇతర నిపుణులు, విశ్రాంత ఉన్నతాధికారులు, కంపెనీల పెద్దలు ఆ తర్వాత. తలుపు అందరికీ తెరిచే ఉంది. కాకపోతే వరస అది, ప్యానెళ్లు నిండిందీ ఆ వరసలోనే.

2005 ఏప్రిల్ 9న మద్రాసు హైకోర్టు ప్రాంగణంలో కోర్టుకు అనుబంధంగా మధ్యవర్తిత్వ కేంద్రం మొదలైంది. దాన్ని నిలబెట్టిన శ్రీరామ్ పంచు సీనియర్ న్యాయవాది. సరిగ్గా అదే తేదీన సుప్రీంకోర్టు మీడియేషన్ అండ్ కన్సీలియేషన్ ప్రాజెక్ట్ కమిటీని ఏర్పాటు చేసింది. అదే ఏడాది ఢిల్లీ తీస్ హజారీ కోర్టులో ఇంకో అడుగు ముందుకేసి, పదవిలో ఉన్న జడ్జీలకే శిక్షణ ఇచ్చి మధ్యవర్తులుగా కూర్చోబెట్టారు. పేరుకుపోయిన కేసుల గుట్ట తగ్గాలన్నది అందరి ఆత్రం. గుట్ట తగ్గించే పని అనుకున్నప్పుడు ఆ గుట్టను ఎరిగినవాళ్లనే పిలుస్తారు. అందులో తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు. కాకపోతే ఆ రోజు అవసరం కొద్దీ జరిగినది ఇవాళ సహజ నియమంలా చెలామణి అవుతోంది.

సుప్రీంకోర్టు ప్రాజెక్ట్ కమిటీ మధ్యవర్తులకు పెట్టిన కనీస షరతు నలభై గంటల శిక్షణ, ఆపైన పది అసలు కేసులు. ముప్పై ఏళ్లు బెంచి మీద కూర్చున్న మనిషికి నలభై గంటల్లో నేర్పేదేముంటుంది అనిపిస్తుంది. నిజానికి ఆ గంటల్లో ఎక్కువ భాగం నేర్పడానికి కాదు, మరిపించడానికి పోతుంది. ఉత్తుత్తి కేసులు ఇచ్చి, ఒకరిని భర్తగా, ఒకరిని భార్యగా, ఒకరిని మధ్యవర్తిగా కూర్చోబెడతారు. ఆ ఆటలో మాజీ జడ్జి పది నిమిషాలు తిరక్కుండానే "అయితే మీరు చెప్పేదాని సారాంశం ఇదీ" అంటూ తీర్పు ధోరణిలోకి జారిపోవచ్చు. న్యాయవాది అయితే తనకు తెలియకుండానే ఎవరో ఒకరి పక్షాన వాదన అల్లడం మొదలుపెడతారు. ఏ వృత్తికి ఆ వృత్తి ముద్ర ఉంటుంది. మధ్యవర్తి కావడానికి పాత వృత్తి ఇచ్చే జ్ఞానం ఎంత పనికొస్తుందో, అది వేసిన ముద్ర అంత అడ్డం వస్తుంది.

జడ్జి సంగతే చూస్తే, కష్టం ఆయనలోనే కాదు, ఎదుటివాళ్లలోనూ ఉంది. మన జనానికి పెద్ద హోదా చూసిన మనిషి ముందు నోరు పెగలదు. "మీరేది చెబితే అదే సార్, మీ మాట దాటం" అంటారు. ఆ మాట వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ, మధ్యవర్తికి అది ప్రమాద ఘంటిక. మాజీ జిల్లా జడ్జి మామూలుగా "ఆరు లక్షలైతే ఎలా ఉంటుంది?" అన్నా అవతలివాళ్ల చెవికి అది డిక్రీలా వినిపిస్తుంది. సంతకం పెట్టేసి, ఇంటికెళ్లి, బావమరిది నాలుగు మాటలు అన్నాక, "ఆ పెద్దాయన ముందు కాదనలేకపోయాను" అంటారు. ఇలాంటి ఒప్పందం అమలు దాకా వచ్చేసరికి మళ్లీ తగువే. 2023 మధ్యవర్తిత్వ చట్టం ఈ సంగతి పట్టించుకుంది. పరిష్కారాన్ని మధ్యవర్తి ఎవరి మీదా రుద్దకూడదని, అసలు ఒప్పందం కుదురుతుందనే హామీ కూడా ఇవ్వరాదని స్పష్టంగా రాసింది. రాయడం వరకూ బాగానే ఉంది. ముప్పై ఏళ్ల హోదా కుర్చీలో నుంచి లేవనంటే చట్టం ఏం చేస్తుంది?

అయితే జడ్జీకి ఉన్న ఒక గొప్ప వసతి మరెవరికీ లేదు. కేసు నడిస్తే ఏమవుతుందో ఆయన చూశారు. అప్పీలు ఎన్నేళ్లు పడుతుందో, గెలిచిన డిక్రీ అమలు పిటిషన్‌లో ఎలా ఇరుక్కుంటుందో ఆయనకు చెప్పాల్సిన పనిలేదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెతకు ఆయన ప్రత్యక్ష సాక్షి. ఆ అనుభవాన్ని బెదిరింపులా కాక సమాచారంలా చెప్పగలిగిన జడ్జి మంచి మధ్యవర్తి అవుతారు. ఈ రెంటికీ మధ్య గీత సన్నది.

న్యాయవాదుల విషయానికొస్తే, వాళ్ల అసలు బలం చివరి పేజీలో తెలుస్తుంది. మనసులు కలిసి, కళ్లనీళ్లు పెట్టుకుని, టీలు తాగి, ఒప్పందం రాసే దగ్గర బోర్లాపడ్డ రాజీలు ఎన్నో. హద్దులు ఎలా రాయాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది, ఏ కోర్టులో ఉన్న ఏ కేసు ఎవరు ఏ తేదీలోగా వెనక్కి తీసుకోవాలి, డబ్బు ముందా సంతకం ముందా. ఇవి తేలకపోతే పైన జరిగిందంతా వృథా. సైకాలజీ చదివినవారికీ, సంఘంలో మంచిపేరున్న పెద్దకూ ఈ చూపు ఉండదు. కొత్త చట్టం ప్రకారం రాజీ పత్రం కోర్టు డిక్రీతో సమానంగా అమలవుతుంది కాబట్టి రాతలో ఒక మాట అటూ ఇటూ అయితే జీవితాంతం మోయాలి.

దగ్గరగా చూడటానికి ఒక మామూలు భాగాల దావా ఊహించుకుందాం. ఊళ్లో నాలుగెకరాలు, ఒక ఇల్లు. అన్న వ్యవసాయం చేస్తూ తల్లిని చూసుకున్నాడు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం. తండ్రి ఆస్తిలో సగం కావాలని తమ్ముడు వేసిన దావా. విడివిడిగా మాట్లాడేటప్పుడు అన్న ఎకరాల గురించి ఎత్తడు. "అమ్మ ఆసుపత్రిలో ఉన్న మూడు నెలలూ వాడు తొంగి చూడలేదండీ" అంటాడు. ఇక్కడ మధ్యవర్తి నోట్లోంచి వచ్చే తర్వాతి ప్రశ్న ఆయన ఎక్కడి నుంచి వచ్చారో చెప్పేస్తుంది. న్యాయవాది అయితే "ఆసుపత్రి బిల్లులు మీ దగ్గర ఉన్నాయా?" అంటారు. జడ్జి మనసులో, ఇది ఈ దావాలో విచారించాల్సిన అంశం కాదు కదా అనుకుంటారు. ఫ్యామిలీ కౌన్సెలర్ అయితే "అప్పుడు మీ తమ్ముడు వచ్చి ఏం చేసుంటే బాగుండేదనిపించింది?" అని అడుగుతారు. సర్వేయర్‌గా పనిచేసిన మనిషైతే ఇవేవీ కాకుండా, బోరు ఏ పక్క ఎకరంలో ఉందని అడుగుతారు. చివరికి చిక్కు విడిపోయేది ఆ బోరు దగ్గరే కావచ్చు కూడా. నాలుగు ప్రశ్నలూ అవసరమే. ఏది ముందు అడగాలన్న దాంట్లోనే పనితనం ఉంది. అన్న నోటి నుంచి ఆసుపత్రి మాట వచ్చిన క్షణంలో బిల్లుల సంగతి ఎత్తితే ఆ మనిషి ఇంక నోరు తెరవడు.

కుటుంబ తగాదాల్లో చట్టం ఈ సంగతి ముందే గ్రహించింది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలో న్యాయవాదిని పెట్టుకోవడం కక్షిదారుకు హక్కుగా లేదు. కోర్టు అనుమతిస్తేనే. మరోపక్క కౌన్సెలర్లను పెట్టాలని, సాంఘిక సంక్షేమ సంస్థల సాయం తీసుకోవచ్చని అదే చట్టం చెప్పింది. అంటే నలభై ఏళ్ల కిందటే సోషల్ వర్క్, సైకాలజీ చదివినవాళ్లకు తలుపు తీశారు. ఆచరణలో ఆ కుర్చీలు చాలా చోట్ల నామమాత్రమయ్యాయి, లాయర్లు అనుమతితో లోపలికి వచ్చేశారు.

పెద్దమనుషుల మీద మనకున్న నమ్మకానికి ఒక విరుగుడు ఉదాహరణ సుప్రీంకోర్టు రికార్డుల్లో ఉంది. 1999లో పెళ్లయిన ఒక జంట కేసది. పెళ్లయిన మర్నాటికల్లా ఇరువైపుల పెద్దలూ తిట్టుకుని, చెప్పులు విసురుకునే దాకా వెళ్లారు. కొత్త జంట కాపురం చేయకుండానే విడిపోయింది. సర్దిచెప్పాల్సిన పెద్దలే రాజేసిన ఆ నిప్పు క్రిమినల్ కేసులు, అప్పీళ్లుగా మారి 2013 దాకా మండింది. అప్పుడు సుప్రీంకోర్టు విడాకులు ఖాయం చేస్తూ, వైవాహిక వివాదాలను కోర్టులు మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని, కేసు వేయకముందే సంప్రదించేలా కేంద్రాల్లో ఏర్పాటు ఉండాలని చెప్పింది. మొదటి నెలలోనే ఒక శిక్షణ ఉన్న మనిషి చేతిలో పడి ఉంటే ఈ వ్యవహారం ఎక్కడ ఆగేదోనని తీర్పు చదివినవారికి అనిపించక మానదు. అలాగని ప్రతి ఇంటి గొడవా రాజీ బల్ల దగ్గరకు రావాల్సిందేనా అంటే, కాదు. కొట్టే భర్తకూ దెబ్బలు తినే భార్యకూ మధ్య సమానంగా కూర్చుని ఇద్దరినీ కాస్త తగ్గమనడం తటస్థత కాదు. ఆ తేడా కనిపెట్టడం న్యాయశాస్త్రం పట్టాతోనూ రాదు, ఊరి పెద్దరికంతోనూ రాదు. హింస బాధితులతో పనిచేసిన అనుభవంతో వస్తుంది. కుటుంబ వివాదాల ప్యానెళ్లలో అలాంటివాళ్లు తక్కువగా ఉండటం ఈ వ్యవస్థలో ఉన్న పెద్ద లోపం.

వ్యాపార తగాదాల్లో ఇంకో రకం వివక్ష ఉంది. కంపెనీల చట్టం కింద 2016లో చేసిన మధ్యవర్తిత్వ నియమాల ప్రకారం ప్యానెల్‌లో చేరడానికి న్యాయవాదికి పదేళ్ల అనుభవం చాలు. చార్టర్డ్ అకౌంటెంటుకు, కాస్ట్ అకౌంటెంటుకు, కంపెనీ సెక్రటరీకి పదిహేనేళ్లు కావాలి. భాగస్వాముల మధ్య లెక్కల్లో వచ్చిన తేడా తేల్చడానికి లెక్కలు తెలిసిన మనిషి అయిదేళ్లు ఎక్కువ ఆగాలన్నమాట! ఈ అయిదేళ్లకు తర్కం వెతకడం దండగ.

ఇంతకీ ఇతర వృత్తులవాళ్లు రాకపోవడానికి నియమాలు ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. డబ్బు అసలు కారణం. కోర్టు అనుబంధ కేంద్రాల్లో మధ్యవర్తికి ఇచ్చేది గౌరవ వేతనమే. కూర్చోవాల్సింది కోర్టు పనివేళల్లో. పక్క హాల్లో సొంత కేసు చూసుకుని మధ్యాహ్నం వచ్చి కూర్చోగలిగేది న్యాయవాదే. పెన్షన్ వస్తున్న మాజీ జడ్జికీ కుదురుతుంది. క్లినిక్ మూసుకుని రావాలంటే సైకాలజిస్టుకు, సైటు వదిలి రావాలంటే ఇంజినీరుకు గిట్టుబాటు కాదు. మన దగ్గర మధ్యవర్తిత్వం మీదే బతికేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. మిగతా అందరికీ అది రెండో పని. రెండో పని అయినంతకాలం మొదటి పని ఏమిటన్నదే మనిషి రంగును నిర్ణయిస్తుంది.

తగువు తీర్చడమే మొదటి పనిగా నెలజీతం తీసుకునేవాళ్లు ఒక శాఖలో మాత్రం ఉన్నారు, కార్మిక శాఖలో. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కన్సీలియేషన్ ఆఫీసర్ అనే పదవిని పెట్టింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ పాత్ర కొనసాగింది. సమ్మె నోటీసు పడగానే యాజమాన్యాన్నీ యూనియన్‌నూ పిలిచి కూర్చోబెట్టేది వీళ్లే. తెలుగు రాష్ట్రాల్లో ఈ కుర్చీల్లోకి గ్రూప్ పరీక్షలు రాసి వస్తారు. చరిత్ర, ఎకానమీ, జనరల్ స్టడీస్ చదివి నెగ్గిన యువకుడు రేపు ఇరవై ఏళ్లుగా జెండా మోసిన యూనియన్ నాయకుడి ఎదుట కూర్చోవాలి. పైగా కార్మిక చట్టాలు ఉల్లంఘిస్తే చర్య తీసుకునే శాఖా ఇదే. అందుకే యాజమాన్యం తన గుట్టు అక్కడ విప్పదు.

అదే 1947లో అమెరికా కూడా ఇదే పనికి ఫెడరల్ మీడియేషన్ అండ్ కన్సీలియేషన్ సర్వీస్‌ను స్వతంత్ర సంస్థగా పెట్టింది. కార్మిక శాఖ లోపల ఉన్న పాత విభాగాన్ని అక్కడి నుంచి తప్పించి విడిగా నిలబెట్టారు. దాని ఉద్యోగుల్లో చాలామంది అంతకుముందు యూనియన్ తరఫునో కంపెనీ తరఫునో బేరసారాలు ఆడి వచ్చినవాళ్లు. పుట్టుక కోర్టులో కాక ఫ్యాక్టరీ గేటు దగ్గర జరిగితే మధ్యవర్తి రూపమే వేరుగా ఉంటుందనడానికి అదొక సాక్ష్యం. బేరం ఆడినవాడికి ఎదుటివాడి "ఇదే చివరి మాట"లో ఎంత నిజముందో తెలుస్తుంది. మన దగ్గర రిటైరైన యూనియన్ నాయకుల అనుభవం ఎవరికీ అక్కరలేకుండా పోతోంది.

వృత్తులను కలిపి చూసిన ప్రయోగం అయోధ్య. 2019 మార్చి 8న సుప్రీంకోర్టు ముగ్గురిని పెట్టింది. మాజీ న్యాయమూర్తి ఎఫ్.ఎం.ఐ. కలీఫుల్లా అధ్యక్షుడు, ఆధ్యాత్మిక గురువు శ్రీశ్రీ రవిశంకర్, శ్రీరామ్ పంచు సభ్యులు. న్యాయం, ధర్మం, మధ్యవర్తిత్వ నైపుణ్యం మూడూ ఒకే గదిలో ఉండాలన్నది ఊహ. కాగితం మీద చక్కగానే ఉంది. శ్రీశ్రీ పేరు రాగానే హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అభ్యంతరం చెప్పారు. ఈ వివాదంపై శ్రీశ్రీ అంతకుముందే బహిరంగంగా అభిప్రాయం చెప్పారు, తటస్థుడిని పెట్టాల్సింది అని. ఆ ఆక్షేపణ వృత్తి మీద కాదు, ముందే పలికిన మాట మీద. ఆగస్టు మొదటి వారానికి ప్రయత్నం విఫలమైందని తేలింది, నవంబరు 9న తీర్పు వచ్చింది. అంతటి వివాదంలో ఎవరిని పెట్టినా కుదిరేదా అన్నది వేరే ప్రశ్న. బయోడేటాల్లో సమతూకం ఉన్నంతమాత్రాన నమ్మకంలో సమతూకం రాదన్నది మాత్రం అక్కడ తేలిపోయింది.

నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలంటే ఎస్.ఆర్. శంకరన్ జీవితం చూడాలి. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ కొందరు ఐఏఎస్ అధికారులను బందీలుగా పట్టుకుంది. అందులో శంకరన్ ఒకరు. పదేళ్ల తర్వాత, 1997లో, ఆయన నాయకత్వంలోనే పౌర స్పందన వేదిక ఏర్పడింది. ఒకనాటి బందీ, బంధించినవాళ్లకూ తాను పనిచేసిన ప్రభుత్వానికీ మధ్య నిలబడ్డారు. పక్కన ఉన్నవాళ్లు ఎవరు? న్యాయవాది కె.జి. కన్నబిరాన్, సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు, ఆర్థికవేత్త డి. నరసింహారెడ్డి, ఇందాకటి హరగోపాల్. ఇంతకంటే కలగాపులగం బృందం ఉండదు.

శంకరన్ మాట చెల్లింది ఐఏఎస్ అయినందుకు కాదు. ఆ హోదా రాష్ట్రంలో వందల మందికి ఉంది. సర్వీసులో ఉన్నప్పుడు వెట్టిచాకిరీ విముక్తి కోసం, దళితుల, గిరిజనుల కోసం ఆయన చేసిన పని ఊళ్లలో తెలుసు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఇక వేదిక పద్ధతి మరీ ముఖ్యం. ఎన్‌కౌంటర్లను ఎంత గట్టిగా తప్పుపట్టిందో నక్సలైట్ల హత్యలనూ అంతే గట్టిగా తప్పుపట్టింది, ఇరువైపులా ఉత్తరాలు రాస్తూ పోయింది. ఏళ్ల తరబడి అలా ఇద్దరి చేతా తిట్లు తిన్నాకే ఇద్దరూ వినడం మొదలైంది. 2004 అక్టోబరు 15 నుంచి నాలుగు రోజులు హైదరాబాద్ మంజీరా అతిథి గృహంలో హోంమంత్రి జానారెడ్డి ఒకవైపు, మావోయిస్టు నేత రామకృష్ణ బృందం మరోవైపు కూర్చున్నారు. ఆయుధాల విషయంలో మాట కలవలేదు. 2005 జనవరికల్లా అంతా చెడింది. ఫలితం పరంగా అది వైఫల్యమే. కానీ ఆ బల్ల దాకా రెండు పక్షాలనూ తీసుకురావడం ఏ శిక్షణ కోర్సూ చేయించగలిగిన పని కాదు.

ఈ వెలుగులో 2023 చట్టం మీద ఆశా, అనుమానమూ రెండూ కలుగుతాయి. మధ్యవర్తికి ఫలానా డిగ్రీ ఉండాలని అది ఎక్కడా అనలేదు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఏ దేశం మనిషైనా సరే. విదేశీయుడికి మాత్రం అర్హతలు నిర్దేశిస్తారు. పొరుగు తగాదాల కోసం సామాజిక మధ్యవర్తిత్వం అని విడిగా ఒక అధ్యాయం పెట్టింది. ముగ్గురు మధ్యవర్తులు ఉంటారు. ప్రాంతంలో గౌరవమున్నవాళ్లు, సమాజానికి సేవ చేశారన్న గుర్తింపు ఉన్న స్థానికులు, కాలనీ సంక్షేమ సంఘాల ప్రతినిధులు, మధ్యవర్తిత్వంలో అనుభవమున్నవాళ్లు ప్యానెల్లో ఉండవచ్చు. వృత్తిని పక్కనపెట్టి మనిషికున్న పరపతిని అర్హతగా తీసుకున్నారు.

పరపతికి మాత్రం రెండు ముఖాలు. ఉత్తర తెలంగాణలోని కొన్ని జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు చేసే పంచాయితీల గురించి, జరిమానాలు, సాంఘిక బహిష్కరణల గురించి వార్తలు వస్తూనే ఉంటాయి. అక్కడ కూర్చునేదీ ఊళ్లో గౌరవమున్నవాళ్లే. పట్టణాల్లో 'సెటిల్‌మెంట్' చేసే పెద్దమనుషులకూ పరపతికి కొదవ లేదు. పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందని ఊరికే అనలేదు. చట్టం చేసినవాళ్లకు ఈ భయం ఉన్నట్టే ఉంది. సామాజిక మధ్యవర్తిత్వంలో కుదిరిన ఒప్పందానికి డిక్రీ బలం ఇవ్వలేదు. ఇష్టం లేకపోతే కోర్టుకు వెళ్లే దారి తెరిచే ఉంచారు. పెద్దల మాటకు కోర్టు బలం తోడు కాకుండా చూడటం ఈ చట్టంలో ఉన్న తెలివైన పనుల్లో ఒకటి.

పెద్ద స్థాయిలోనూ అంగీకారమే అన్నిటికన్నా పెద్ద అర్హత. 2021 ఆగస్టులో కృష్ణా జలాల కేసు తన ముందుకు వచ్చినప్పుడు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ, తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినని, మధ్యవర్తిత్వంతో తేల్చుకుంటే మేలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సూచించారు. దేశ ప్రధాన న్యాయమూర్తి, రెండు నేలల మనిషి చెప్పిన మాట. ఆంధ్రప్రదేశ్ చట్టప్రకారం విచారణే కావాలంది. ఆయన కేసు నుంచి తప్పుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 18న హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని ఆయనే ప్రారంభించారు.

మీడియేషన్ సెంటర్ నుంచి పిలుపు వచ్చిన మామూలు కక్షిదారుకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. మధ్యవర్తి తన తటస్థత మీద అనుమానం కలిగించే సంబంధాలేమైనా ఉంటే, పని మొదలుపెట్టకముందే ఇరుపక్షాలకూ రాతపూర్వకంగా వెల్లడించాలని 2023 చట్టం అంటోంది. అది చూశాక ఎవరికైనా అభ్యంతరం ఉంటే వేరే మధ్యవర్తిని కోరవచ్చు. అవతలి లాయరుతో ఒకే ఛాంబర్‌లో పనిచేశారా, అవతలి కంపెనీకి లెక్కలు చూశారా, ఇంతవరకు ఎలాంటి తగాదాల్లో కూర్చున్నారు అని నిర్మొహమాటంగా అడగవచ్చు. ఎదుట ఉన్నది మాజీ జడ్జి అయినా సరే.